ఒక పాటల సంపుటి - ప్రబంధ దృష్టి

ఆదివారపు సాహిత్యపుటలో విద్యుత్ గిటారుల గర్జనకు చోటేమిటని పాఠకులు ప్రశ్నింపవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పద్యమంటే చెవి కోసుకొనే ఉపాధ్యాయులకూ, పద్యమంటే పరీక్షలో వచ్చే నాలుగు మార్కులని తలచే విద్యార్థులకూ, ఎక్కడో ఫిన్లాండు దేశంలో ఒక గాయకబృందం వెలువరించిన పాటల సంపుటితో పనియేమి? పని ఉన్నదనియే ఈ వ్యాసకర్త విశ్వాసం. ఆ సంపుటి మన ముందుంచే సమస్య సంగీతానికి మాత్రమే చెందినది కాదు. మన తరగతి గదికీ, మన పాఠ్యపుస్తకానికీ, మన బమ్మెర పోతనకూ చెందినది. ఒక కృతిని ముక్కగా వినుటయా, మొత్తంగా వినుటయా అన్నదే ఆ సమస్య.

ఆ బృందం పేరు 'నైట్‌విష్'. 2024 సెప్టెంబరు 20వ తేదీన అది తన పదవ స్టూడియో సంపుటిని విడుదల చేసినది. స్టూడియో సంపుటి అనగా సభలో పాడుతుండగా పట్టినది కాక, ధ్వనిముద్రణశాలలో తీరుబడిగా, పాట వెంట పాటగా చెక్కి కూర్చినది. దాని పేరు 'యెస్టర్‌వైండ్'. ఈ మాట కోసం నిఘంటువులు వెదకి ప్రయోజనం లేదు. 'నిన్న'ను తెలిపే ప్రాచీనమైన ఇంగ్లీషు పదాంశాన్ని తలగా చేసి ఆ బృందం వారే కల్పించుకొన్న మాట అది. గడచిన కాలం మనసుకు తాకినప్పుడు కలిగే భావానికి భాషలో పేరు దొరకక పెట్టుకొన్న పేరు. కొత్త సమాసాలను కల్పించిన కవులు మనకూ ఉన్నారు గనుక ఈ సాహసం మనకు వింత కాదు.

ఈ సంగీతరీతిని పాశ్చాత్యులు 'సింఫొనిక్ మెటల్' అంటారు. మెటల్ అనగా లోహం. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరం లోహపు పరిశ్రమలకు ప్రసిద్ధి. ఆ నగరపు యువకులు నలుగురు 'బ్లాక్ సబ్బాత్' అనే పేరుతో 1970లో వెలువరించిన తొలి సంపుటిని ఈ మహాధ్వని సంగీతానికి మొదలుగా చాలమంది లెక్కిస్తారు. వారిలో గిటారు వాయించిన టోనీ అయోమీ రేకుల కర్మాగారంలో పనిచేస్తూ యంత్రంలో చేయి నలిగి రెండు వేళ్ల కొసలు పోగొట్టుకొన్నవాడు. ప్లాస్టిక్కును కరగించి వేళ్లకు తొడుగులు చేసుకొని, తంత్రుల బిగువు తగ్గించుకొని వాయించినాడు. ఆ బరువైన మంద్రధ్వని తరువాతి వారికి ఒరవడి అయినది.

ఈ కార్మికవాడ ధ్వనికి రాజసభల వాద్యబృందాన్ని జతచేయుట మరొక సాహసం. 1969 సెప్టెంబరు 24న లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో 'డీప్ పర్పుల్' అనే బృందం, రాయల్ ఫిల్హార్మోనిక్ వాద్యబృందంతో కలిసి జాన్ లార్డ్ రచించిన కృతిని వినిపించినది. గిటారులు ఒక వంక, పదుల కొద్దీ వయొలిన్లూ బాకాలూ మరొక వంక నిలిచి సంభాషించినవి. ఆ బీజం మొలకెత్తి చెట్టు కావడానికి పాతికేళ్లు పట్టినది. 1996లో స్వీడను దేశపు 'థేరియన్' బృందం వెలువరించిన 'థెలి' సంపుటిలో ఆ కలయిక ఒక రీతిగా స్థిరపడినది. ఆ సంవత్సరమే ఫిన్లాండులో నైట్‌విష్ పుట్టినది.

పుట్టినది మహానగరంలో కాదు. కితే అనే ఊరు ఫిన్లాండుకు తూర్పున, రష్యా సరిహద్దుకు చేరువగా, అడవుల నడుమ చెరువుల ఒడ్డున ఉన్నది. జనాభా సుమారు పదివేలు. వరంగల్లు - ఖమ్మం దారిలో మరిపెడ బంగ్లా వద్ద బస్సు దిగి ఊరు చుట్టివచ్చే పాటి వ్యవధిలో ఆ ఊరిని కూడా చుట్టిరావచ్చును. ఆ ఊరి యువకుడు తువోమస్ హోలోపైనెన్, రాత్రి వేళ నెగడు చుట్టూ కూర్చుండి పాడుకొనే పాటలు ఒక బృందమైతే బాగుండునని తలచినాడు. గిటారుకు ఎంపు వువోరినెన్, గాత్రానికి తార్యా తురునెన్ జతకలిసినారు. ఆమె శాస్త్రీయ గానం అభ్యసించిన గాయని. మొదట అనుకొన్నది మెత్తని సంగీతమే. ఆమె కంఠపు బలానికి తగిన వాద్యబలం కావలసివచ్చి గర్జనకు దారితీసినది. నేడు ఆ స్థానంలో పాడుతున్నది నెదర్లాండ్సు దేశస్థురాలు ఫ్లోర్ యాన్సెన్. గాయనులు మారినారు, వాద్యకారులు మారినారు. కీబోర్డు ముందు కూర్చుండి పాటలు కట్టే హోలోపైనెన్ మాత్రం నిలిచి ఉన్నాడు.

ఆ మట్టికి ఒక సంప్రదాయబలం కూడ ఉన్నది. కితే ఉన్న కరేలియా సీమ ఫిన్నుల జాతీయేతిహాసం 'కలేవల'కు పుట్టినిల్లు. ఎలియాస్ లొన్‌రోత్ అనే వైద్యుడు పల్లెలు తిరిగి, నిరక్షరాస్యులైన వృద్ధుల నోట విన్న విడి పాటలను రాసుకొన్నాడు. ఒక్కొక్క పాట ఒక్కొక్క రత్నమే. ఆయన వాటిని విడిగా పెట్టెలో పెట్టి ఊరుకోలేదు. వరుస చూచినాడు, సంధి కుదిర్చినాడు, ఒకే కథగా కూర్చినాడు. 1835లో తొలి కూర్పు, 1849లో 50 భాగాలతో, 22,795 పంక్తులతో పెంచిన కూర్పు వెలువడినవి. తన భాషకు గౌరవం లేని కాలంలో ఒక చిన్న జాతి తన్ను తాను గుర్తించుకొన్నది ఆ నిండు గ్రంథంలోనే. విడి పాటలు అంతకు ముందూ ఉన్నవి. కాని జాతికి అద్దం దొరకినది అవి ఒకటైన తరువాతనే.

ఇక మన సంపుటి సంగతి. యెస్టర్‌వైండ్ ఒంటరిది కాదు. 2015లో వచ్చిన సంపుటి చార్లెస్ డార్విన్ పరిణామవాదాన్ని వస్తువుగా గ్రహించినది. 1859 నాటి ఆయన గ్రంథపు చివరి వాక్యం నుండియే దాని పేరు పుట్టినది. దాని చివరి పాట ఒక్కటే సుమారు 24 నిమిషాలు. 2020లో వచ్చినది రెండు భాగాల సంపుటి. రెండవ భాగమంతా వాద్యబృందం వినిపించే ఎనిమిది ఖండికల ప్రకృతివర్ణన. జీవం పుట్టుక, మనిషి, ప్రకృతి అనే ఈ వరుసలో మూడవదిగా 2024 నాటి సంపుటి కాలాన్నీ స్మృతినీ వస్తువుగా తీసుకొన్నది. మూడు ఆశ్వాసాల కావ్యమని మనవాళ్ల పరిభాషలో చెప్పవచ్చును.

అందులో 12 పాటలు ఉన్నవి. వినడానికి 70 నిమిషాలు కావలెను. మొదటిది చిన్నది, మెత్తనిది. మన కావ్యాల అవతారిక వంటిది. రెండవది సముద్రం వలె విరుచుకుపడే దీర్ఘగీతం. మూడవ పాట పేరు 'యాంటికితెర యంత్రం'. 1901లో గ్రీసు దేశపు ఒక దీవి చెంత, మునిగిన ఓడ నుండి స్పాంజి సేకరించే గజ ఈతగాళ్లు పైకి తెచ్చిన కంచు యంత్రమది. వయసు రెండువేల ఏండ్లకు పైబడినది. సూర్యచంద్రుల గతులనూ గ్రహణాలనూ ముందే లెక్కించి చూపే పళ్లచక్రాల పరికరం. మనకు దక్కినవి 82 తునకలు. ఏ తునకను విడిగా చూచినా త్రుప్పు పట్టిన లోహపు ముద్దయే. తునకను తునకతో పోల్చి, పళ్లను లెక్కించి, మొత్తాన్ని ఊహించగలిగిన తరువాతనే అది ఆకాశానికి అద్దమని పండితులకు తెలిసినది.

ఏడవ పాట 'అటా దీవి పిల్లలు'. పసిఫిక్ సముద్రంలోని టోంగా రాజ్యంలో 1965 జూన్ నెలలో వసతి పాఠశాల పిల్లలు ఆరుగురు, చదువు మీద విసుగుతో ఒక పడవ దొంగిలించి పారిపోయినారు. తుపానులో చిక్కి, ఎనిమిది దినాలు కొట్టుకొనిపోయి, అటా అనే నిర్మానుష్య ద్వీపానికి చేరినారు. పదిహేను మాసాలకు పైగా అక్కడ బ్రదికినారు. వంతులు వేసుకొని పనులు చేసినారు. నిప్పు ఆరకుండ కాపాడినారు. ఒకనికి కాలు విరిగితే మిగిలినవారే కట్టు కట్టి నయం చేసినారు. 1966 సెప్టెంబరులో ఆస్ట్రేలియా నావికుడు పీటర్ వార్నర్ వారిని కనుగొన్నాడు. విద్యార్థులకు చెప్పదగిన కథ ఇంతకంటె మరేమి కావలెను?

ఆ పాటను విడిగా విన్నవారికి అది ఒక సాహసగాథ. సంపుటిలో దాని చోట దానిని విన్నవారికి అర్థం మారుతుంది. అంతకు ముందే ఐదవ పాటలో, మనలో ప్రతి ఒక్కరూ లెక్కలేనంతమంది పూర్వుల ప్రేమకు ఫలమన్న భావం వచ్చి ఉన్నది. తరువాత పదవ పాటకు 'హిరాయిత్' అని పేరు. తిరిగి చేరలేని ఇంటి కోసం పడే బెంగకు వేల్సు భాషలో ఉన్న మాట అది. ఈ రెంటి నడుమ నిలిచిన అటా పిల్లలు కేవలం సాహసికులు కారు. నిప్పును ఆరనీయక మరొక తరానికి అందించే మానవజాతికి వారు ప్రతినిధులు. చివరి పాట పేరులో మిగిలేది లాంతరు వెలుగు. ఆ నిప్పు ఈ వెలుగు అయినదని గ్రహించుటకు పన్నెండు పాటలూ వరుసగా వినవలసినదే. ప్రబంధగత ధ్వని అని మన ఆలంకారికులు చెప్పినది ఇట్టిదే.

దోషాలు లేవని అనుటలేదు. వాద్యఘోష తారస్థాయికి చేరినప్పుడు గాయని పలికే మాట మునిగిపోతుంది. రాగం తీయు మోజులో పద్యాన్ని మింగివేసే రంగస్థల నటులను చూచిన మనకు ఈ దోషం కొత్తది కాదు. సాహిత్యాన్ని ముద్రించి ఇచ్చిన పుస్తకాన్ని చేత పట్టుకొని వినవలసి వచ్చుట గానానికి కీర్తి కాదు. అయినను ఒక్క విషయంలో వీరిని మెచ్చుకొనక తప్పదు. ఈ సంపుటి కోసం సభలు జరుపబోమని వారు ముందే ప్రకటించినారు. ఆట లేదు, అట్టహాసం లేదు. కృతియే తన కోసం తాను నిలువవలెను.

అట్లని కాలధర్మాన్ని వారు కూడ తప్పించుకోలేదు. సెప్టెంబరు విడుదలకు ముందు మే నెల నుండియే ఒక్కొక్క పాటను విడిగా వదలినారు. జాతరకు ముందు టముకు వేయుట వంటిది అది. చిక్కేమనగా, నేటి శ్రోతలలో అనేకులు టముకు విని జాతర చూచితిమని అనుకొంటున్నారు.

'ఆల్బం' అను మాటకే ఇందుకు సంబంధించిన చరిత్ర ఉన్నది. నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత గ్రామఫోను పళ్లెంలో ఒక్కొక్క ముఖాన మూడు నాలుగు నిమిషాలకు మించి పట్టేది కాదు. పెద్ద కృతి కావలెనంటే అనేక పళ్లెాలు కావలెను. వాటిని ఛాయాచిత్రాల పుస్తకం వంటి సంచుల అట్టలో దాచి అమ్మినారు, అదియే ఆల్బం. 1948లో దీర్ఘవాదన పళ్లెం వచ్చి ఒక్కొక్క ముఖాన ఇరువది నిమిషాలకు పైగా చోటిచ్చినది. 1982లో వచ్చిన కాంపాక్టు డిస్కు ఆ చోటును 74 నిమిషాలకు పెంచినది. చోటు పెరిగిన కొలది రచయితలు పాటల వరుసను గురించి ఆలోచించినారు. నేడు చరవాణిలో చోటుకు హద్దు లేదు. కాని ఓపిక తిరిగి మూడు నిమిషాలకు, అరనిమిషానికి వచ్చి చేరినది. యంత్రం పెట్టిన హద్దును యంత్రమే తొలగించినది. మనకు మనం పెట్టుకొన్న హద్దును ఎవరు తొలగించవలెను?

ఈ ముక్కల ప్రీతిని కేవలం నేటి పిల్లల మీద మోపుట ధర్మం కాదు. మన తాతలు నాటకశాలలో 'వన్స్‌మోర్' అని కేకలు వేసినవారే. కథ ఆగినా సరే, చచ్చిన పాత్ర లేచి పాడినా సరే, మెచ్చిన పద్యం మరల వినవలసినదే. తిరుపతి వేంకటకవుల పాండవ నాటకాలలో శ్రీకృష్ణుని పడకసీను ఒక్కటే ఊరూర ఆడినది. దుర్యోధనార్జునులలో ఎవరు ముందు వచ్చినారో అందరికీ తెలిసినది. ఆ రాత్రి కోరుకొన్న సహాయం ఎట్టి వినాశానికి దారితీసినదో చూచేవరకు కూర్చున్నవారు తక్కువ.

ముక్కకు గౌరవం లేదనుట కాదు. మన లాక్షణికులు ముక్తకానికి వేరుగా పీట వేసినారు. అమరుకుని ఒక్కొక్క శ్లోకం రసంలో ప్రబంధానికి సాటియని ఆనందవర్ధనుడే అంగీకరించినాడు. వేమన పద్యానికి ముందు వెనుకలు అక్కరలేదు. కరుణశ్రీ 'పుష్పవిలాపం' ఘంటసాల కంఠంలో కొద్ది నిమిషాలలోనే ఇంటింటికీ చేరి కన్నీరు పెట్టించినది. ఖండకావ్యంగా పుట్టినది ఖండికగానే పూర్ణం. ముక్కగా పుట్టినదాన్ని ముక్కగా వినుట రసికత. మొత్తంగా పుట్టినదాన్ని ముక్కచేసి విని, ఇదే అది అని నమ్ముట ప్రమాదం.

ఆ ప్రమాదానికి ఉదాహరణ మన ఊళ్లలోనే ఉన్నది. ఘంటసాల 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసినారు. జీవితపు చివరిదశలో ఆయన పాడిన భగవద్గీత, స్టూడియోలో వాద్యసహాయంతో తీర్చిన నిండు సంపుటి. 700 శ్లోకాలలో నుండి నూటికి పైగా ఏరి, తెలుగు తాత్పర్యాన్ని తామే పలికి, విషాదయోగం నుండి మోక్షసన్న్యాసయోగం దాక ఒక వరుసలో నడిపినారు. తెలుగువారికి ఇంతకు మించిన సంపుటి అరుదు. నేడు ఆ కంఠం మైకులో వినబడగానే పల్లెలో జనం ఏమంటున్నారు? 'ఎవరో పోయినట్లున్నది' అంటున్నారు. శవయాత్రకు గుర్తుగా మారిన ఆ సంపుటిని ఇంట్లో మామూలు రోజున పెట్టుటకు జంకుతున్నారు. కాని ఆ గ్రంథపు కథ ఏమిటి? విల్లు జారవిడిచి కూలబడినవాడు చివరకు మోహం వీడి లేచి నిలబడినాడు. అది చావు కబురు కాదు, లేచి పనిచేయుమనే మాట. మొదటి కొద్ది నిమిషాలు వీధిలో విని కదలిపోయేవారికి కూలబడిన అర్జునుడే మిగిలినాడు. లేచిన అర్జునుడు వినబడలేదు. మొత్తాన్ని కోల్పోతే ఒక్కొక్కప్పుడు అర్థం తగ్గుటయే కాదు, తలక్రిందులవుతుంది.

తరగతి గదిలో కూడ ఇదే జరుగుతున్నది. జనగామ జిల్లాలోని పాలకుర్తి, బమ్మెరలు మనకు దూరం కావు. సోమనాథుడు ద్విపదలో శివభక్తుల కథలను వరుసగా పేర్చి బసవపురాణం నిర్మించిన నేల అది. పోతన భాగవతం చెప్పిన నేల అది. మన విద్యార్థికి గజేంద్రమోక్షంలోని పద్యాలు కొన్ని కంఠస్థం. ఏనుగు మంచిది, మొసలి చెడ్డది, విష్ణువు మొసలిని చంపినాడు - ఇంతే అతనికి మిగిలిన కథ. నిండుగా చదివినవానికి తెలిసేది వేరు. ఆ ఏనుగు పూర్వజన్మలో అగస్త్యుని శాపం పొందిన ఇంద్రద్యుమ్నుడనే రాజు. ఆ మొసలి దేవలుని శాపం పొందిన హూహూ అనే గంధర్వుడు. చక్రం తాకిన క్షణాన రక్షింపబడినది ఏనుగు ఒక్కటే కాదు. మొసలికీ శాపవిముక్తి కలిగినది. పగవాని కోసం కూడ కరుణ దాచి ఉంచిన పోతన హృదయం, పాఠ్యభాగానికి అవతల ఉండిపోయినది.

మరి ఆ భాగవతమో, అది కూడ మనకు మొత్తంగా దక్కుటకు నలుగురి శ్రమ కావలసివచ్చినది. పంచమ స్కంధం గంగన, షష్ఠం ఏర్చూరి సింగన, ఏకాదశ ద్వాదశాలు వెలిగందల నారయ పూర్తిచేసినారు. ఉన్నంతవరకు చాలునని వారు ఊరుకోలేదు. గ్రంథం అసంపూర్ణంగా ఉండుట వారికి అసౌకర్యం కలిగించినది. ఆ అసౌకర్యమే సాహిత్యసంస్కారం.

ఉపాధ్యాయమిత్రులకు ఒక మనవి. పాఠ్యప్రణాళిక మన చేతిలో లేదు, గడియలు చాలవు, నిజమే. అయినను ఏడాదికి ఒక్కమారు, ఒక్క కృతిని, మొదటి పద్యం నుండి ఫలశ్రుతి దాక తరగతిలో గొంతెత్తి చదువవచ్చును. గజేంద్రమోక్షానికి రెండు మూడు పీరియడ్లు సరిపోవును. ప్రశ్నలు వద్దు, మార్కులు వద్దు. పిల్లలు మధ్యలో కదలుతారు, ఆవలిస్తారు, ఓర్చుకొనవలెను. విసుగును దాటిన తరువాతనే మొత్తం దర్శనమిస్తుంది.

విద్యార్థులకు కూడ ఒక మాట. మీ చెవికి ఇంపైన సంగీతం ఏదైనా సరే - మెటల్ కానీయండి, సినిమా పాటలు కానీయండి, ఒగ్గుకథ కానీయండి - దానిని కట్టినవాడు ఏ వరుసలో వినుమన్నాడో ఆ వరుసలో ఒక్కమారు వినుడు. నైట్‌విష్ సంపుటికి డెబ్బది నిమిషాలు చాలును. ఘంటసాల భగవద్గీతను ఎవరూ పోని ఒక మామూలు ఉదయాన ఇంట్లో పెట్టి, అర్జునుడు లేచి నిలబడేవరకు వినుడు. పక్కింటివారు కంగారుపడి పలుకరిస్తే, ఎవరూ పోలేదని చెప్పి వారిని కూడ కూర్చుండబెట్టుకొనుడు.